కార్మికుల నాయకుడు కొలంబోలో రాయబారి



వి.వి.గిరిగారి పేరు చెప్పగానే మీ ఇంట్లో పెద్దవారికి రాష్ట్రపతి భవనం గుర్తుకు వస్తుంది. 1969 నుండి 1974 వరకు ఆయన మన దేశానికి నాలుగవ రాష్ట్రపతి. పిల్లలకైతే ఆయన జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక పేరు మాత్రమే. ఈ వారం నేను మీతో ముఖ్యంగా చెప్పదలచినది ఆ ఐదేళ్ల గురించి కాదు. అంతకు చాలా ముందు, 1947 నుండి 1951 వరకు, ఆయన సింహళంలో, అంటే నేటి శ్రీలంకలో, మన దేశపు మొదటి హైకమిషనరుగా పనిచేశారు. ఆయన గురించి చెప్పేవారు ఆ కాలాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. ఆయనను అర్థం చేసుకోవాలంటే అక్కడ కాస్త ఆగాలని నాకు అనిపిస్తుంది. అయితే అక్కడికి చేరే ముందు ఆయన ఎలాంటి మనిషో మీకు తెలియాలి.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరు ఒడిశాలో ఉంది గాని, అప్పట్లో గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. మన విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాలవారికి బరంపురం పరాయి ఊరు కాదు. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు. తల్లి సుభద్రమ్మగారు జాతీయోద్యమంలో పాల్గొన్న ధీరురాలు. కలిగిన తెలుగు బ్రాహ్మణ కుటుంబం. న్యాయశాస్త్రం చదువుకోమని 1913లో కొడుకును పంపించారు. ఆ రోజుల్లో అందరూ వెళ్లే లండనుకు కాదు, ఐర్లండు రాజధాని డబ్లినుకు.

మన కతోలిక కుటుంబాలకు ఇక్కడ ఒక విశేషం ఉంది. గిరిగారు చేరిన యూనివర్సిటీ కాలేజీ ఒకనాడు న్యూమన్ గారు మొదటి అధిపతిగా 1854లో మొదలైన కతోలిక విశ్వవిద్యాలయం నుండి పెరిగి వచ్చినది. తరువాత చాలా ఏళ్లు యేసుసభ గురువులు దానిని నడిపారు. బరంపురం కుర్రవాడు ఊరంతా గుడిగంటలు మోగే దేశంలో, కతోలిక విద్యార్థుల నడుమ, పంతొమ్మిదేళ్ల వయసులో అడుగుపెట్టాడు. ఆయన మన మతంలోకి రాలేదు, రావాలని ఎవరూ అడిగినట్టు కూడా లేదు. కాని అక్కడ ఆయన చూసినది వేరే ఉంది.

ఆయన వెళ్లిన 1913 సంవత్సరంలోనే డబ్లినులో యజమానులు యూనియనులో చేరిన కార్మికులను పనిలోకి రానివ్వకుండా గేట్లు మూసేశారు. దాదాపు ఇరవై వేలమంది నెలల తరబడి పస్తులున్నారు. యజమానుల నాయకుడు మర్ఫీ కతోలికుడు. పస్తులున్న కూలీలలో ఎక్కువమంది కతోలికులే. ఆదివారం ఒకే గుడిలో మోకరించేవారు సోమవారం ఒకరి నోటి దగ్గర కూడు ఒకరు లాగేసుకున్నారు. కార్మికులు సంఘం పెట్టుకోవడం వారి సహజ హక్కు అని 13వ లియో పోపుగారు 1891లో తమ విశ్వలేఖలో చెప్పి అప్పటికి ఇరవై రెండేళ్లు. చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది గాని, ఆ సంవత్సరం డబ్లినులో ఆ లేఖ చదివినవారు ఎక్కువమంది ఉన్నట్టు కనిపించదు. కార్మికుల తరపున నిలిచిన వారిలో జేమ్స్ కాన్నలీ ఒకరు.

గిరిగారికి కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన వారిలో థామస్ మెక్‌డొనా ఉన్నారు. ఆయన కవి, అధ్యాపకుడు, స్వాతంత్ర్య యోధుడు. 1916 ఈస్టరు పండుగ వారంలో ఐరిష్ దేశభక్తులు తిరుగుబాటు చేసి స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు, ఆ ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురిలో మెక్‌డొనా, కాన్నలీ ఇద్దరూ ఉన్నారు. తిరుగుబాటు వారంలోగా అణగిపోయింది. మే 3న మెక్‌డొనాను కాల్చి చంపారు. మే 12న గాయాలతో నిలబడలేని కాన్నలీని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. కాపూచిన్ సభ గురువులు చివరి ఘడియలో వారికి సంస్కారాలు ఇచ్చారు. తనకు పాఠం చెప్పిన మాస్టారిని తెల్లవారుజామున గోడకు నిలబెట్టి కాల్చిన నగరంలో, ఇరవై ఒక్కేళ్ల మన తెలుగు కుర్రవాడు చదువుకుంటున్నాడు.

అప్పటికే పోలీసుల కన్ను ఆయన మీద ఉంది. దక్షిణాఫ్రికాలో భారతీయ కూలీలు పడుతున్న బాధల గురించి ఆయన, తోటి భారతీయ విద్యార్థులు ఒక కరపత్రం రాసి పంచారు. నేటాలు చెరకు తోటల్లో ఆ కూలీలలో మన తెలుగువారు ఎందరో. ఈ కరపత్రం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికి వస్తుంది. 1916 జూన్‌లో గిరిగారు బారిస్టరు అయ్యారు. అదే నెలలో దేశం విడిచి వెళ్లమని ప్రభుత్వం నోటీసు ఇచ్చింది.

ఇంటికి వచ్చి మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేయించుకున్నారు. ప్రాక్టీసు నిలదొక్కుకున్నది. 1920లో గాంధీగారి పిలుపు మీద దానిని వదిలేశారు. 1922లో సారా దుకాణాలకు వ్యతిరేకంగా నిలబడి జైలుకు వెళ్లారు. ఆ తరువాత రైలు కార్మికుల మధ్యకు వెళ్లి వారి మనిషి అయిపోయారు. మీరు నర్సీపట్నం రోడ్డు స్టేషనులో బండి దిగి ఊరు చేరేవారైతే, పట్టాలు సరిచేసే గ్యాంగుమన్లను చూసే ఉంటారు. ఎండలో, వానలో, ఇనుప గడ్డపారలతో పనిచేసే వారికి ఒకప్పుడు ఉద్యోగ భద్రత అంటే ఏమిటో తెలియదు. 1923లో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషను పెట్టినవారిలో గిరిగారు ఒకరు. పదేళ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శి. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడు. 1927-28లో బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే వాల్తేరు నుండి కలకత్తా వైపు పోయే కంపెనీ, వేలమందిని పనిలోనుండి తీసివేయబోతే, హింసకు తావులేకుండా కార్మికులను నిలబెట్టారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు వెళ్లారు. 1931లో లండనులో రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలో కార్మికుల ప్రతినిధిగా కూర్చున్నారు. అదే ఏడాది 11వ పయస్ పోపుగారు కార్మికుల విషయమై రెండవ విశ్వలేఖ వెలువరించారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి జరిగినది కాదనుకోండి.

తరువాత చట్టసభలు. 1934 నుండి ఢిల్లీలో కేంద్ర శాసనసభ సభ్యులు. 1937 ఎన్నికలలో బొబ్బిలి నుండి నిలబడ్డారు. ఎదుట నిలిచినది సాక్షాత్తూ బొబ్బిలి రాజావారు, జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉన్నవారు. రాజాగారి కోట ఉన్న ఊళ్లోనే రాజాగారు ఓడిపోయారు. మన వైపు ముసలివారు దీనిని చాలాకాలం కథలాగా చెప్పుకున్నారు. రాజాజీ మంత్రివర్గంలో గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రి. యుద్ధం వచ్చిన తరువాత 1939లో కాంగ్రెసు మంత్రులందరితో పాటు రాజీనామా చేసి జైలుకు వెళ్లారు. 1942లో మళ్లీ జైలు, 1945 వరకు. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో మళ్లీ కార్మిక శాఖ.

ఇదీ మనిషి. గొంతు ఎత్తి మాట్లాడటం, కార్మికుల పక్షాన బేరం కుదర్చడం, కుదరకపోతే గద్దె దిగి బయటకు నడవడం. ఇలాంటి మనిషిని 1947లో నెహ్రూగారి ప్రభుత్వం కొలంబోకు రాయబారిగా పంపింది.

ఎందుకు పంపిందో తెలియాలంటే అక్కడి కొండలు చూడాలి. ఇంగ్లీషువారు సింహళంలో మొదట కాఫీ తోటలు, కాఫీకి తెగులు వచ్చిన తరువాత తేయాకు తోటలు వేశారు. కూలీలను దక్షిణ భారతం నుండి, ముఖ్యంగా తమిళ జిల్లాల నుండి, కంగాణీలు పోగుచేసి తీసుకువెళ్లారు. మన గంజాం, విశాఖ జిల్లాల నుండి మేస్త్రీలు జనాన్ని రంగూనుకు, అస్సాం తోటలకు తోలుకుపోయినట్టే. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఎలా వచ్చిందో మీలో కొందరికి తెలుసు. సింహళపు తోటలలో 1940ల నాటికి అలాంటివారు ఏడు లక్షలకు పైగా ఉన్నారు. వారిలో చాలామంది అక్కడే పుట్టినవారు. వరుసగా కట్టిన ఒంటి గది ఇళ్లలో కాపురం, తెల్లవారకముందే కొండ ఎక్కి ఆకు కోయడం. వారిలో కతోలిక కుటుంబాలు కూడా ఉన్నాయి.

1948 ఫిబ్రవరి 4న సింహళానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ సంవత్సరమే అక్కడి పార్లమెంటు పౌరసత్వ చట్టం చేసింది. దేశంలో పుట్టినవాడు పౌరుడు కావాలంటే అతని తండ్రి కూడా అక్కడ పుట్టినట్టు, లేదా తాత, ముత్తాత అక్కడ పుట్టినట్టు చూపాలి. వినడానికి ఇది అందరికీ ఒకే రూలు. కాని ఒక్కసారి ఆలోచించండి. పెళ్లికో, పాస్‌పోర్టుకో, ఉద్యోగానికో జ్ఞానస్నాన పత్రం కావాలని మీరు విచారణ గురువుల దగ్గరకు వస్తారు. పాత రిజిస్టరులో తాత పేరు వెతకడానికే పూట పడుతుంది, ఒక్కోసారి దొరకదు. రిజిస్టరు పెట్టి, జాగ్రత్త చేసిన చోటే ఇంత కష్టమైతే, తోటల లైను ఇళ్లలో పుట్టి చనిపోయిన కూలీ తండ్రి ఎక్కడ పుట్టాడో ఏ కాగితం చెబుతుంది? ఆ చట్టంతో తోట కూలీలలో అత్యధికులు ఏ దేశానికీ చెందనివారైపోయారు. 1949లో ఓటు కూడా పోయింది. అదే ఏడాది మరొక చట్టం తెచ్చి, పెళ్లయినవారు ఏడేళ్లు, కానివారు పదేళ్లు ఎడతెగకుండా నివసించినట్టు రుజువు చూపితే నమోదు చేసుకోవచ్చన్నారు. ఎనిమిది లక్షలకు పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి విచారణ జరిగి, చివరకు లక్షన్నరమందికి కూడా దక్కలేదు.

ఆ పార్లమెంటులో దీనిని ఎదిరించినవారు లేకపోలేదు. చెల్వనాయకం అనే న్యాయవాది, తన పార్టీ నాయకుడు ప్రభుత్వంతో చేయి కలిపితే, ఈ విషయం మీదనే ఆ పార్టీ నుండి విడిపోయారు. ఆయన ప్రొటెస్టంటు క్రైస్తవుడు. తోట కూలీ కాదు, తోట కూలీల జిల్లావాడూ కాదు.

మరి గిరిగారు? ఇరవై ఏళ్ల వయసులో నేటాలు కూలీల కోసం కరపత్రం రాసి పోలీసుల కంటిలో పడిన మనిషి ముందు, యాభై నాలుగేళ్ల వయసులో, సముద్రం అవతల మరో తోట, మరికొందరు కూలీలు. కాని ఇప్పుడు ఆయన చేతిలో కరపత్రం లేదు. రాయబారి పరాయి దేశపు చట్టసభలో మాట్లాడలేడు. తోటల్లోకి వెళ్లి సమ్మె చేయండని చెప్పలేడు. పత్రికలో తన అభిప్రాయం రాయలేడు. తన ప్రభుత్వం చెప్పమన్న మాట, చెప్పమన్న స్వరంలో చెప్పాలి. అసలు బేరమంతా నెహ్రూగారికీ సింహళ ప్రధాని సేననాయకగారికీ మధ్య ఉత్తరాలలో నడుస్తున్నది. అక్కడ స్థిరపడినవారు అక్కడి పౌరులే కావాలని నెహ్రూగారి వాదన. అంటే సింహళం కాదన్నవారిని మొత్తంగా తీసుకోవడానికి మన దేశం కూడా సిద్ధంగా లేదు.

ఇంకొక చిక్కు ఉంది. మన రాజ్యాంగం 8వ అధికరణం ప్రకారం, విదేశాలలో ఉన్న భారత సంతతివారు అక్కడి మన రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేసి భారత పౌరులుగా నమోదు కావచ్చు. కొలంబోలో ఆ రిజిస్టరు ఉన్నది గిరిగారి కార్యాలయంలోనే. కూలీ వచ్చి పేరు రాయించుకుంటే ఒక దేశం దొరుకుతుంది. కాని తాను పుట్టిన కొండ మీద హక్కు ఇక అడగలేడు. రాయించుకోకపోతే ఏ దేశమూ లేదు. ఒక యూనియన్ నాయకుడి బల్ల మీద ఇంతకంటే కఠినమైన పుస్తకం ఉంటుందా?

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివిన వారికి వ్యక్తి వేరు, పదవి వేరు అనే చర్చ కొత్త కాదు. పుస్తకంలో ఆ గీత చక్కగా కనిపిస్తుంది. మనిషి లోపల అంత చక్కగా ఉండదు. గిరిగారు కొలంబోలో ఎందుకు రాజీనామా చేయలేదు అని మీరు అడగవచ్చు. 1939లో చేశారు, తరువాత 1954లో చేశారు, 1969లో కూడా చేశారు. నా ఉద్దేశం చెబుతాను. సింహళపు చట్టం సింహళపు పార్లమెంటు చేసినది. మన రాయబారి పెట్టె సర్దుకుని వచ్చినంత మాత్రాన అందులో ఒక అక్షరం మారదు. పైగా అడగడానికి వచ్చిన కూలీకి గుమ్మంలో ఆ కాస్త మనిషీ ఉండడు. అందుచేత ఉండటాన్ని నేను తప్పు పట్టను. కాని మన ప్రభుత్వ వైఖరి కూడా ఆ కూలీలను మధ్యలో వదిలేసింది, ఆ వైఖరికి ఆయన గొంతు ఇచ్చారు. ఈ రెండవ మాటను కప్పిపుచ్చలేము. ఆయన జీవితంలో కార్మికులు పూర్తిగా ఓడిపోయినచోటు ఇదే, గెలిపించే ఆయుధం ఆయన చేతిలో లేనిచోటు కూడా ఇదే.

1951లో తిరిగి వచ్చారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు గెలిచి కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. తగాదా వస్తే ప్రభుత్వం ట్రిబ్యునలు వేసి తీర్పు రుద్దడం కాదు, యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని ఆయన పట్టు. దానికి గిరి పద్ధతి అనే పేరే పడింది. తోటి మంత్రులకు అది రుచించలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే తగ్గించి మార్చింది. కార్మిక మంత్రిని నేనై ఉండి దీనికి జవాబు చెప్పలేనని ఆయన పదవి వదిలేశారు. ఈసారి నిర్ణయం పరాయి దేశానిది కాదు, తాను కూర్చున్న మంత్రివర్గానిది. ఆ రాజీనామా వృథా పోలేదు. ప్రభుత్వం కమిషను వేయవలసి వచ్చింది, 1955లో ఆ విషయమై చట్టమూ వచ్చింది. మన విచారణలలో బ్యాంకు ఉద్యోగం చేసి పెన్షను తీసుకుంటున్న పెద్దలను అడగండి, యూనియన్ మీటింగుల్లో గిరిగారి పేరు వారు విని ఉంటారు.

1957 ఎన్నికలలో ఆయన పార్వతీపురం నుండి నిలబడి ఓడిపోయారు. మన ఏజెన్సీ ప్రాంతపు పాఠకులకు ఈ ఓటమి తెలియవలసినది. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు కేటాయించినది, రెండవది అందరిదీ. ఓట్లు లెక్కపెడితే ఇద్దరు గిరిజన అభ్యర్థులే ముందున్నారు. ఒకరికి కేటాయించిన స్థానం, రెండవవారైన డిప్పల సూరిదొరగారికి సాధారణ స్థానం దక్కాయి. గిరిగారు కొద్ది వందల ఓట్లతో వెనుకబడ్డారు. గిరిజనుడు కేటాయింపు స్థానానికి పోటీ చేసి సాధారణ స్థానం ఎలా తీసుకుంటాడని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు సూరిదొరగారి వైపే తీర్పు చెప్పింది. కేటాయింపు గిరిజనుడికి అదనపు రక్షణే గాని అతని చుట్టూ కట్టిన కంచె కాదని ఆ తీర్పు తేల్చింది. బలహీనుల పక్షాన జీవితమంతా వాదించిన వ్యక్తి ఓడిపోయి, మన కొండవారి హక్కు ఒకటి స్థిరపడింది. ఆ కేసు ఆయన వేయకుండా ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. వేశారు కాబట్టే ఆ హక్కు దేశమంతటికీ స్పష్టమైందన్నది కూడా నిజమే.

తరువాతి సంగతులు మీకు తెలిసినవే. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మే 3న జాకీర్ హుస్సేన్‌గారు మరణించగా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. డబ్లినులో మెక్‌డొనాను కాల్చిన తేదీ కూడా మే 3, యాభై మూడేళ్ల కిందట. జూలై 20న రెండు పదవులూ వదిలి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, మరో తెలుగువారు నీలం సంజీవరెడ్డిగారి మీద, రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించాక 4,20,077కు 4,05,427తో గెలిచారు. ఆ ఎన్నికలో అంతరాత్మ అనే మాట దేశమంతా మోగింది. అది అంతరాత్మ ఎంత, పార్టీ తగాదా ఎంత అని అడిగితే, రెండవదే ఎక్కువని నేనంటాను. ఎన్నికను సవాలు చేస్తే 1970లో రాష్ట్రపతిగా ఉంటూనే సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. అది నాకు నచ్చిన సంగతి.

సింహళపు కూలీల లెక్క మాత్రం తేలలేదు. 1964లో శాస్త్రిగారు, సిరిమావో బండారనాయకగారు కూర్చుని అయిదు లక్షల పాతికవేలమందిని మనం, మూడు లక్షలమందిని వారు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. మిగిలిన లక్షా యాభైవేలమందిని చెరిసగం పంచుకుంటూ 1974 జనవరిలో ఇందిరాగాంధీగారు మరో ఒప్పందం చేశారు. ఆనాటికి రాష్ట్రపతి భవనంలో ఉన్నది గిరిగారే. కాగితం మీద పంచుకున్నంత సులువుగా మనుషులు కదలరు గదా. కొందరు వచ్చారు, చాలామంది ఆ కొండల మీదే ఉండిపోయారు.

గిరిగారికి 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. ఢిల్లీ పక్కన నోయిడాలో ఉన్న జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. కొలంబోలో ఆయన ఉన్నప్పుడు దేశం పోగొట్టుకున్న కుటుంబాలలో అప్పటికీ మిగిలిపోయినవారికి పౌరసత్వం ఇస్తూ శ్రీలంక పార్లమెంటు చట్టం చేసినది 2003లో. లైను ఇళ్లలో పుట్టిన మనుమలు, మునిమనుమలు అప్పుడు వెళ్లి పేరు రాయించుకున్నారు.